అటక మీది వీణను దించండి

వరికోతలయ్యాయి. మాగాణుల్లో మినుము రెండాకులేసి నిలబడింది. అవనిగడ్డ నుంచి నాగాయలంక దాకా, అటు బందరు నుంచి గుడివాడ దాకా పొద్దు వాలితే చాలు మంచు దిగుతోంది. ఎవరి వాకిట్లో వాళ్ళు నాలుగు చితుకులు పోగేసి చలి కాచుకునే రోజులు. మీరూ ఇలా మంట దగ్గరికి జరిగి కూర్చోండి. ఒక మాట చెప్పాలి. భోగి దగ్గరపడింది గనక ఇప్పుడే చెప్పాలి.

భోగికి ఇల్లు దులుపుతాం కదా. కాలు విరిగిన పీట, పుచ్చిన తలుపు చెక్క, పట్టె ఊడిన మంచం, అన్నీ వాకిట్లోకి వస్తాయి. అటక మీద నుంచి దించేవాటిలో ఒక్కోసారి పొడుగాటి గలీబులో మూట కట్టిన వస్తువు ఒకటి ఉంటుంది. విప్పితే దుమ్ము, తుప్పు పట్టిన తీగలు, ఊడిపోయిన మెట్లు, పగిలిన సొరబుర్ర. "ఇదింకెందుకులే" అంటారు ఇంట్లో కుర్రాళ్ళు. దాన్ని మాత్రం మంటలో వేయనివ్వకండి. గోడకు అలంకారంగా తగిలించడం కోసం కూడా కాదు నేనడిగేది. దాన్ని మళ్ళీ మోగించవచ్చు. చాలామటుకు మోగుతుంది. ఎందుకు మోగుతుందో, దాన్ని ఎలా కట్టారో తెలిస్తే మీకే అర్థమవుతుంది.

మన ఇళ్ళలోకి వీణ ఎలా వచ్చిందో మీరెరిగిందే. రెండు మూడు తరాల కిందట కాస్త జరుగుబాటున్న ఇళ్ళలో ఆడపిల్లకు పదేళ్ళు రాగానే సంగీతం మాస్టారిని పెట్టేవారు. సరళీ వరసలు, జంట వరసలు, గీతాలు, నాలుగు వర్ణాలు, పది కృతులు. పెళ్ళిచూపుల నాటికి ఒక కీర్తన తడబడకుండా వాయించగలిగితే చాలనుకునేవారు. పెళ్ళయ్యాక సారెతోపాటు వీణ కూడా అత్తవారింటికి వెళ్ళేది. ఆ తర్వాత పాడి, పొయ్యి, పిల్లలు, కోతల రోజుల్లో కూలీలకు అన్నాలు. వీణ ముందు మూలకి చేరింది, తర్వాత అటకెక్కింది. వాయించాలన్న కోరిక ఆ చేతుల్లో లేక కాదు, ఆ చేతులకు మనం తీరిక ఇవ్వక. అటక మీది వీణను చూసినప్పుడల్లా నాకు ఆ బాకీ గుర్తొస్తుంది.

ముందు కొయ్య సంగతి. ఏ పనికి ఏ కొయ్యో మన పాత కృష్ణా జిల్లా పనివాళ్ళకు బాగా తెలుసు. కొండపల్లి బొమ్మకు తెల్ల పొణికి కావాలి, గోరుతో నొక్కితే సొట్టపడేంత మెత్తన, చేతిలో పెడితే బరువే తెలియదు. పెడనలో కలంకారీ అచ్చులకు టేకు కావాలి, రంగులో ఎన్నిసార్లు ముంచినా ఉబ్బకుండా గీత చెదరకుండా నిలవాలి గనక. వీణకు పనస. మృదంగం కట్టెకు కూడా పనసే. తంబురాకూ పనసే. దక్షిణాది సంగీతమంతా ఈ ఒక్క చెట్టు చేవ మీద నిలబడి ఉందంటే ఎక్కువ చెప్పినట్టు కాదు.

పనస మన డెల్టా చెట్టు కాదు. నల్లరేగడిలో, కాలువ కింద నీరు నిలిచే నేలలో అది ఇమడదు. నీళ్ళు ఇంకిపోయే మెరక నేల దానికి కావాలి. అందుకే వీణ చేసే ఊరు మన వైపు లేదు. రసాల మామిడికి పేరుపడ్డ నూజివీడు మెరకలో ఉంది, ఆ పనితనం అక్కడ నిలిచింది. మొన్న 2022లో జిల్లాలు విడగొట్టాక నూజివీడు ఏలూరు జిల్లాలోకి వెళ్ళింది గానీ, మా పెద్దవాళ్ళ నోట నూజివీడు వీణంటే మన కృష్ణా జిల్లా వీణే. ఉత్తరాన బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో సర్వసిద్ధి వంశం వాళ్ళు చేసే బొబ్బిలి వీణ ఇంకొకటి. తెలుగునాట ఈ రెండు పేర్లే ముందు గుర్తొస్తాయి.

పనస మానులో పైన తెల్లగా ఉండే చెక్క పనికిరాదు. లోపలి పసుప్పచ్చ చేవే కావాలి. ఆ పసుపు ఎంత చిక్కనిదంటే బర్మాలో బౌద్ధ భిక్షువులు తమ వస్త్రాలకు ఆ చేవ పొట్టుతో రంగు వేసుకునేవారు. కొత్తగా కోసిన చేవ పసుప్పచ్చగా ఉండి, గాలీ వెలుతురూ తగిలినకొద్దీ గోధుమ రంగులోకి, చివరికి ఎర్రమట్టి రంగులోకి తిరుగుతుంది. మీ అటక మీది వీణ ముదురు రంగులో ఉంటే అది మాసిపోయిందనుకోకండి. అది దాని వయసు. చేవకు చెద కూడా తొందరగా పట్టదు. అటక మీద పక్కనున్న జామచెక్క పెట్టె పొడైపోయినా వీణ నిలబడి ఉండటానికి కారణం ఇదే.

మానును ఆరబెట్టాలి. నీడలో, గాలి ఆడే చోట, ఏళ్ళ తరబడి. తొందరపడి పచ్చికొయ్యతో చేస్తే తర్వాత అదే ఎండుతూ బీటలిస్తుంది. ఆరిన దుంగను బాడిశతో చెక్కి రూపం తెస్తారు, ఒక చివర గుండ్రటి కుండ, దాని నుంచి పొడుగాటి దండి, ఆ చివర వెనక్కి వంగి కిందికి చూసే యాళి ముఖం. కుండ, దండి, తల మూడూ ఒకే మానులోంచి వస్తే దాన్ని ఏకాండి వీణ అంటారు. విడివిడిగా చేసి అతికిన వీణలూ ఉన్నాయి, అతుకుల మీద పట్టీ వేసి దాచేస్తారు. ఏకాండిలో నాదం ఎక్కడా అతుకు దాటనక్కర్లేదని వాయించేవాళ్ళ నమ్మకం. నేనైతే అతుకు వీణల్లోనూ చక్కగా పలికేవి విన్నాను. కానీ తేమ విషయంలో ఏకాండి నయం. మన ఉప్పుగాలిలో ముందు విడిపోయేది అతుకే.

అసలు విద్య కుండను లోపల తొలవడంలో ఉంది. గోడ మందంగా వదిలేస్తే స్వరం మొద్దుబారుతుంది. పలచన చేస్తే గట్టిగా మోగి చప్పున ఆగిపోతుంది, పైగా కొన్నాళ్ళకు పగులుతుంది. పనివాడు ఉలితో కొంత తీసి, వేలి కణుపుతో బయట నుంచి తట్టి వింటాడు. మళ్ళీ కొంత తీస్తాడు, మళ్ళీ తడతాడు. ఎక్కడ ఆపాలో ఏ కొలబద్దా చెప్పదు. ఒక దుంగ బరువు ఇంకో దుంగకు రాదు, ఒక చేవ బిగి ఇంకో చేవకు ఉండదు. ఆ ఆపడంలో ఉన్న నేర్పు వీణ పైకి కనిపించదు. కొనేవాళ్ళు చూసేది యాళి ముఖం మీది చెక్కడం, పాత వీణల్లోనైతే అంచుల్లో పొదిగిన దంతం, దుప్పికొమ్ము. అవన్నీ ఊడిపోయినా వీణ వీణే. లోపల తొలిచిన ఆ మందం మాత్రం ఎవరో ఒక పెద్దాయన చెవితో తేల్చింది, దాన్ని మళ్ళీ కొనలేం.

కుండ మీద మూతగా ఒక పలక వేస్తారు. దానికి సన్నటి చిల్లులుంటాయి, నాదం బయటికి రావడానికి. పలక మీద తీగలు ఆనే గుర్రం. దండికి అవతలి కొసన మేరువు. తీగ పలికేది గుర్రానికీ మేరువుకీ నడుమ. దండి కింద ఎడమ వైపున్న సొరబుర్ర ఉంది చూశారూ, చాలామంది అదే వీణకు ప్రాణమనుకుంటారు. దాని పని ప్రధానంగా ఆసరా, ఒళ్ళో పెట్టుకున్నప్పుడు తొడ మీద ఆనడానికి. మరతో బిగించి ఉంటుంది, తిప్పితే ఊడి వస్తుంది. పాతకాలంలో ఎండు సొరకాయనే వాడేవారు, ఇప్పుడు కాగితపు గుజ్జుతోనో ఫైబర్‌తోనో చేస్తున్నారు. బుర్ర పగిలిందని వీణను పారేసిన ఇళ్ళు నాకు తెలుసు. ఎంత బాధగా ఉంటుందో చెప్పలేను.

ఈ వీణ ఇప్పుడున్న రూపానికి వచ్చిన కథలో మన మొవ్వ ఊరికీ కాస్త చోటుంది. వినండి.

వీణలు ఈ నేలకు కొత్త కాదు. కృష్ణ ఒడ్డున అమరావతి స్తూపం మీద రెండువేల ఏళ్ళ నాటి చెక్కడాల్లో విల్లులా వంగిన వీణలున్నాయి. కానీ 24 మెట్లు కదలకుండా బిగించిన ఈ సరస్వతీ వీణ తంజావూరులో తయారైందంటారు. తంజావూరు నాయకరాజుల్లో రఘునాథ నాయకుడు 1600 నుంచి 1634 దాకా ఏలాడు. తెలుగువాడు, తెలుగులో కావ్యాలు రాసినవాడు, సంగీతం తెలిసినవాడు. అంతకు ముందు రాగం మారితే మెట్లు జరుపుకోవలసిన వీణలుండేవి. ఒక్కో స్థాయికి పన్నెండు చొప్పున రెండు స్థాయిలకు 24 మెట్లు శాశ్వతంగా బిగిస్తే ఏ రాగమైనా ఆ ఒక్క వీణ మీదే పలుకుతుంది. ఆ ఘనత ఆయన కొలువుదే అని సంప్రదాయం చెబుతుంది. ఆయన మంత్రి గోవింద దీక్షితుల కొడుకు వేంకటమఖి ఆ తర్వాత 72 మేళకర్తల లెక్క కట్టాడు. పన్నెండు స్వరస్థానాలు కళ్ళెదుట వరసగా పేర్చి ఉన్న వీణను చూస్తూ పెరిగినవాడికి ఆ లెక్క తట్టడంలో వింత లేదు.

రఘునాథుడి కొడుకు విజయరాఘవ నాయకుడు. ఆయన కొలువుకు వెళ్ళినవాడే మన మొవ్వ క్షేత్రయ్య. కూచిపూడికి కూతవేటు దూరంలోని ఊరి నుంచి, గోపాలస్వామి గుడి దగ్గర నుంచి బయల్దేరి అంత దూరం వెళ్ళి, తన పదాలు పాడాడు. ఆయన పాడిన ఊళ్ళో 24 మెట్ల వీణ వయసు అప్పటికి ఒక తరమే. మొవ్వ పదం, తంజావూరు వీణ ఒకే గాలి పీల్చాయని తలచుకుంటే నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

తంజావూరు నుంచి ఇటు తిరుగుదారి కూడా ఉంది. త్యాగయ్యగారి శిష్యుడు మానంబుచావడి వేంకటసుబ్బయ్య. ఆయన శిష్యుడు మన దివిసీమ పెదకళ్ళేపల్లి వారైన సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి. శాస్త్రిగారి శిష్యుడు శ్రీకాకుళం వారైన పారుపల్లి రామకృష్ణయ్య పంతులు. ఉత్తరాది శ్రీకాకుళం కాదు, ఆంధ్ర మహావిష్ణువు గుడి ఉన్న మన కృష్ణ ఒడ్డు శ్రీకాకుళం. పంతులుగారి శిష్యుడు మంగళంపల్లి బాలమురళీకృష్ణ. బాలమురళిగారి తల్లి సూర్యకాంతమ్మ మంచి వైణికురాలు, పసితనంలోనే ఆమెను పోగొట్టుకున్నారాయన. తంజావూరు దగ్గర మొదలైన పాట ఇన్ని చేతులు మారి మన లంకల్లోకి, కాలువ గట్ల మీదికి వచ్చింది. 1948 డిసెంబరు 1న విజయవాడ రేడియో కేంద్రం మొదలయ్యాక ఆ పాట ఇంటింటికీ చేరింది. మీ అటక మీది వీణ వాయించినావిడ బహుశా పొద్దున్నే ఆ రేడియో విని శ్రుతి చేసుకున్న మనిషే.

సరే, ఇప్పుడు మెట్ల దగ్గరికి వద్దాం. నాకు అన్నిటికన్నా ఇష్టమైన సంగతి ఇది.

వీణ మెట్లు కంచువి. దండికి రెండు వైపులా లేచిన గట్లుంటాయి. వాటి మీద తేనెమైనం, నల్లపొడి కలిపి కాచిన ముద్ద పరిచి, ఆ ముద్దలో మెట్లు కూరుస్తారు. దీన్ని మేళం కట్టడమంటారు. సగం తీగ దగ్గర పన్నెండో మెట్టు, అక్కడ పై స్థాయి షడ్జం. మూడింట రెండు వంతుల తీగ మిగిలేచోట ఏడో మెట్టు, అది పంచమం. నాలుగింట మూడు వంతుల దగ్గర మధ్యమం. మిగిలిన మెట్లకు దాదాపు ఒక లెక్కుంది, మెట్టు మెట్టుకూ మిగిలిన తీగలో సుమారు 18వ వంతు తగ్గుతూ పోవాలి. కానీ లెక్క ప్రకారం పెడితే శ్రుతి కుదరదు. మీటేటప్పుడు వేలితో తీగను మెట్టు మీదికి నొక్కుతాం కదా, ఆ నొక్కుడుకు తీగ కాస్త బిగుసుకుని స్వరం పెరుగుతుంది. అందుకని మేళం కట్టే మనిషి ప్రతి మెట్టునూ నొక్కి మీటి, విని, మైనం మెత్తగా ఉండగానే వెంట్రుకవాసి ముందుకో వెనక్కో జరుపుతాడు. 24 మెట్లు. మైనం చల్లారేలోపు.

ఇక్కడ ఒక పక్కదారి పడతాను, కాస్త ఓపిక పట్టండి. మీటే వాద్యాలకు దాయాదులైన కొట్టే వాద్యాలున్నాయి. పశ్చిమంలో డల్సిమర్ అంటారు, హంగరీలో సింబలోమ్, చైనాలో యాంగ్‌చిన్, ఇరాన్‌లో 72 తీగల సంతూర్, కశ్మీరులో నూరు తీగల సంతూర్. అన్నీ ఒకే ఊహ. ఒక పక్క వెడల్పు, ఎదురు పక్క ఇరుకు ఉండే బల్లపరుపు చెక్క పెట్టె, దాని మీద వరసలుగా తీగలు, రెండు చేతుల్లో సన్నటి పుల్లలు. ఆ పుల్లల బదులు మీటలు నొక్కితే లేచే సుత్తులు పెట్టి 1700 ప్రాంతంలో ఇటలీలో క్రిస్టోఫొరి చేసిందే పియానో. పాత డల్సిమర్ పెట్టెలు చూస్తే ఒక చిత్రమైన సంగతి కనిపిస్తుంది. పై స్వరాల తీగల కింద నిలిపే గుర్రాన్ని సరిగ్గా మధ్యలో పెట్టరు. తీగను అది మూడుకు రెండు పాళ్ళలో విడగొడుతుంది. దాంతో ఒకే తీగకు ఒక పక్క కొడితే షడ్జమైతే, రెండో పక్క కొడితే పంచమం. నూజివీడులో మన పెద్దాయన ఏడో మెట్టు కూర్చినప్పుడు వెతికిందీ ఆ మూడుకు రెండే. ఎక్కడి జర్మనీ పల్లెలు, ఎక్కడి నూజివీడు! తీగ పుట్టిన దగ్గర నుంచి దానికి ఉన్న స్వభావమది, చెవి పెట్టినవాళ్ళందరికీ దొరికింది.

ఆ దాయాదికీ మన వీణకూ తేడా కూడా ఇక్కడే ఉంది. సంతూర్ తీగ బిగించిన చోటు బిగించినట్టే ఉంటుంది, పుల్లతో కొట్టాక దాన్ని లాగడానికి వేలు లేదు. 1955లో బొంబాయిలో శివకుమార్ శర్మ సంతూర్‌తో కచేరీకి కూర్చున్నప్పుడు పెద్దలు పట్టుకున్న తప్పు అదే, స్వరాన్ని సాగదీసే మీండ్ పలకని వాద్యం మీద రాగమేమిటని. ఆయన తీగల సంఖ్యా, స్వరాల అమరికా మార్చి, పుల్లను తీగ మీద జార్చి, జీవితమంతా పెట్టి జవాబు చెప్పారు. గొప్ప మనిషి. మన వీణ కట్టినవాళ్ళు ఆ ప్రశ్న ముందే ఊహించారు. మెట్టు ఎత్తుగా, మైనపు గట్టు మీద లేచి ఉంటుంది గనక ఎడమచేతి వేళ్ళు తీగను పక్కకు లాగి రెండు మూడు స్వరాల దూరం సాగదీయగలవు. తోడి రాగంలో గాంధారం ఊగేది ఆ ఎత్తు వల్ల.

ఇక గుర్రం. కొయ్య గుర్రం మీద ఒక లోహపు రేకు. పైపైన చూస్తే చదునుగా ఉంటుంది, కానీ అది చదును కాదు. ఆకురాయితో అరగదీసి దానికి కంటికి ఆనని ఒంపు ఇస్తారు. తీగ ఆ ఒంపు మీద ఒక చోట ఆగకుండా, ఊగేటప్పుడు రాసుకుంటూ లేస్తూ ఉంటుంది. వీణ నాదంలో సన్నగా రవ్వలు రాలినట్టు వినిపించే ఆ జీవ అక్కడ పుడుతుంది. దీని వెనకున్న శాస్త్రం రాసింది సి.వి. రామన్. చిన్నతనం విశాఖపట్నంలో గడిపినవాడు, ఆయన భార్య లోకసుందరి వీణ వాయించేవారు. తీగను ఒక బిందువు దగ్గర మీటితే, ఏయే అనుస్వరాలకు ఆ బిందువు దగ్గర కదలిక ఉండదో అవి వినిపించకూడదని యూరప్ శాస్త్రం అంటుంది. మన వీణ, తంబురా ఆ నియమానికి లొంగవని, ఒంపు తిరిగిన గుర్రం వల్ల అన్ని అనుస్వరాలూ వినిపిస్తాయని 1921లో రామన్ రాశారు. నోబెల్ బహుమతికి తొమ్మిదేళ్ళ ముందు ఆయన చెవి మన గుర్రం మీద ఉంది. దాన్ని అరగదీసిన పనివాళ్ళ పేర్లు ఎక్కడా లేవు. ఆ పేర్లు రాసి ఉంచుకోకపోవడం మన జాతి చేసిన నష్టమని నేను గట్టిగా అనుకుంటాను.

తీగలు ఏడు. మెట్ల మీదుగా నాలుగు, సారణి, పంచమం, మంద్రం, అనుమంద్రం. పక్కన తాళానికి మూడు. ఇవన్నీ బిరడలకు చుట్టి బిగిస్తాం. కుండ వైపు చివర లంగర్లు, వాటి మీద ఉండే చిన్న రింగులు జరిపితే శ్రుతిలో సన్నపాటి తేడాలు సరిపోతాయి. తీగలన్నీ కలిసి దండిని ముందుకు లాగుతూనే ఉంటాయి. అరవై డెబ్బై తీగల డల్సిమర్‌లో ఆ లాగుడు వందల కిలోలు, పాత పెట్టెల పై పలక కుంగిపోవడానికి అదే కారణం. వీణలో అంత లేదు గానీ, ఏళ్ళ తరబడి బిగించి వదిలేస్తే దండి వంగుతుంది. మీ అటక మీది వీణకు తీగలు తెగిపోయి ఉంటే ఒకందుకు అదృష్టం, దండి మీద ఇన్నేళ్ళూ భారం లేదు.

మన సీమ గాలి వీణకు మంచిది కాదు, ఒప్పుకోవాలి. నడివేసవిలో గుడివాడ పెంకుటిళ్ళలో అటక కింద నిలబడలేం. ఆ వేడికి మైనం మెత్తబడి మెట్లు పక్కకు ఒరుగుతాయి. వానాకాలం తేమకు బిరడలు ఉబ్బి తిరగవు, చలికాలం ఎండి జారిపోతాయి. సముద్రం దగ్గర హంసలదీవి, కోడూరు వైపు ఉప్పుగాలికి ఉక్కుతీగ చూస్తుండగానే తుప్పు పడుతుంది. ఇక 1977 నవంబరు 19 నాటి ఉప్పెన. మనుషులే పోయిన చోట వాద్యాల మాట ఎత్తడానికి నోరు రాదు. అయినా నీటమునిగి బయటపడ్డ కొయ్య వస్తువుల గురించి ఒక్క మాట చెప్పాలి. ఇప్పటికీ మనకు వరదలు వస్తూనే ఉన్నాయి గనక. తడిసిన వీణను ఎండలో పెట్టకండి. ఉప్పు నీరైతే ముందు మంచినీటి గుడ్డతో తుడిచి, నీడలో, గాలికి, తీగలు వదులు చేసి, నెలల తరబడి ఆరనివ్వండి. ఎండలో ఒక్క పూట చాలు పలక పగలడానికి.

ఇదంతా ఎందుకు చెప్పానో ఇప్పటికి మీకు తెలిసే ఉంటుంది. మన గాలికి పాడయ్యేవి ఏమిటి? మైనం, తీగలు, మెట్ల వరస, బిరడలు, బుర్ర, పై మెరుగు. అన్నీ మార్చుకోదగ్గవే, వీణ బతికినన్నాళ్ళూ మారుస్తూ ఉండవలసినవే. వాయించే ఇళ్ళలో కూడా కొన్నేళ్ళకొకసారి మేళం కొత్తగా కట్టించుకోక తప్పదు. మార్చుకోలేనిది కుండ, దండి. ఆ రెండూ పనస చేవ. అంటే అటక మీద చచ్చిపోయినట్టు కనిపించే వీణలో చచ్చినవన్నీ ఎప్పటికైనా చావవలసినవే. బతకవలసింది బతికే ఉంది.

కాబట్టి భోగికి దాన్ని దించినప్పుడు ఇలా చూడండి. మెత్తటి పొడిగుడ్డతో దుమ్ము తుడవండి, నీళ్ళు వద్దు, నూనె వద్దు. యాళి తల వైపు నుంచి ఒక కన్ను మూసి దండి వెంట గుర్రం దాకా చూపు సారించండి. దండి గీత గీసినట్టు ఉంటే మంచిదే, కాస్త వంగి ఉన్నా మేళం ఎత్తు సర్ది సరిచేయవచ్చు, బాగా వంగి ఉంటేనే కష్టం. కుండను చుట్టూ వేలి కణుపుతో తట్టుకుంటూ రండి. అంతటా ఒకే నిండైన మోత రావాలి. ఒకచోట చిటచిటమని అదిరినట్టు వినిపిస్తే అక్కడ పగులుందన్నమాట, అది కూడా అతికేదే. పలక ఎక్కడైనా లేచిందేమో వేలితో నొక్కి చూడండి. గుర్రం మీది రేకు మీద తీగలు కోసిన గాడులుంటాయి, వాటిని మీరు గరుకు కాగితంతో రుద్దకండి. ఆ ఒంపు పోతే మళ్ళీ తేవడం తెలిసిన చేతులకే సాధ్యం. ఊడిపోయిన మెట్లు, రాలిన బిరడలు, దంతపు ముక్కలు ఒక్కటి కూడా పారేయకుండా చిన్న సంచిలో కట్టి వీణతో ఉంచండి.

వడ్రంగి చేత కొత్త వార్నిష్ పూయించకండి. ఈ మాట నేను కాళ్ళు పట్టుకుని అయినా చెబుతాను. మెరుగు కోసం పలక మీద మందంగా పూసిన పూత ఆ పలక కదలికను బిగబట్టేస్తుంది. ముప్పై నలభై ఏళ్ళు ఆరి తేలికపడిన కొయ్య గొంతు నొక్కినట్టవుతుంది. హాల్లో టీవీ పక్కన నిలబెట్టడానికి మెరిసే వీణే కావాలంటే బజారులో బొమ్మ వీణలు బోలెడు దొరుకుతాయి.

దాన్ని దుప్పటిలో చుట్టి, దండి కింద మెత్త పెట్టి, కారులో పడుకోబెట్టి హనుమాన్ జంక్షన్ మీదుగా నూజివీడు తీసుకెళ్ళండి. బందరు నుంచి బయల్దేరినా పొద్దున్నే వెళ్ళి సాయంత్రానికి ఇల్లు చేరవచ్చు. అక్కడ పనివాళ్ళ ముందు పెట్టి మూడే అడగండి. మేళం కొత్తగా కట్టమని, తీగలు మార్చమని, గుర్రం జీవ సరిచూడమని. చెక్కడాలకు రంగులు, దంతం బదులు ప్లాస్టిక్ పట్టీలు ఇప్పుడేం వద్దని చెప్పండి. బేరం ఎక్కువ ఆడకండి. 24 మెట్లు ఒక్కొక్కటీ చెవితో నిలబెట్టే పని అది. ఆ చెవులున్న ఇళ్ళు తగ్గిపోతున్నాయి. మనం పని ఇస్తేనే వాళ్ళ పిల్లలు ఉలి పడతారు.

తెచ్చాక అటకెక్కించకండి, ఎండ తగలని గదిలో, గోడకు ఆనించకుండా చాప మీద పడుకోబెట్టండి. వాయించడం వచ్చిన మనిషి ఇంట్లో ఇంకా ఉంటే, ఆవిడకు ఎనభై ఏళ్ళున్నా సరే, ముందు ఆవిడ చేతికే ఇవ్వండి. పక్కనే కూర్చుని శ్రుతి చేయడం నేర్చుకోమని మనవరాలికో మనవడికో చెప్పండి. తీగలు కొత్తవి గనక మొదటి వారం రోజూ దిగిపోతూనే ఉంటాయి, రోజూ బిగించుకోవాలి. కొత్త మైనం కుదురుకునేసరికి నెలా రెండు నెలలు పడుతుంది. ఈలోగా నాలుగైదు మెట్లు అటూ ఇటూ జరుగుతాయి. అప్పుడు మేళం కట్టినాయన్ను ఇంకొకసారి పిలిపించి సర్దించాలి. చాలామంది ఆ రెండోసారి దగ్గర ఆగిపోతారు, వీణే బాగాలేదనుకుంటారు. మీరు ఆగకండి. మొదటిసారి డబ్బులిచ్చేటప్పుడే ఆ రెండో రాకకు కూడా కలిపి మాట్లాడుకుని రండి. ఎండలు ముదరకముందే, ఉగాదిలోపు, ఆ పని అయిపోవాలి.